ఏడు కప్పుల నీళ్లు

ఆదివారం ప్రార్థన అయ్యాక ఢిల్లీ ద్వారకాలోని మా ఫ్లాటుకు నలుగురైదుగురు నర్సు పిల్లలు వస్తుంటారు. నా మీద ప్రేమో, నేను పెట్టే చేపల పులుసు మీద ప్రేమో నేనెప్పుడూ ఆరా తీయలేదు. తిని చేతులు కడుక్కున్నాక మాత్రం తప్పకుండా అడుగుతారు: "ఆంటీ, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు చెప్పండి." ఏ పెద్ద ఆపరేషను సంగతో చెబుతానని వాళ్ల ఆశ. నేను వంటింట్లోకి వెళ్లి ఒక స్టీలు కప్పు తెచ్చి ముందు పెడతాను. అంచు దగ్గర సొట్ట పడింది. లోపల మేకుతో గీసిన ఒక గీత ఉంటుంది. ఆ గీత దాకా పోస్తే సరిగ్గా నూరు మిల్లీలీటర్లు.

అప్పట్లో ఇక్కడే ఒక పెద్ద ఆసుపత్రిలో కిడ్నీ వార్డుకు నేను ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. కిడ్నీలు పూర్తిగా మానేసిన మనిషికి మూత్రం రాదు. తాగిన ప్రతి చుక్కా ఒంట్లోనే నిలిచిపోతుంది. డయాలిసిస్ యంత్రం తోడేసేదాకా అది కాళ్లలోకి, మొహంలోకి, ఆఖరికి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అందుకే వాళ్లకు నీళ్లు కొలిచి ఇస్తారు. కొలతలో నన్ను మించిన రాక్షసి ఆ ఆసుపత్రిలో లేదు. పొద్దున్నే ఒక్కొక్కరి వాటా నా కప్పుతో కొలిచి, సీసాలో పోసి, పేరు రాసి మంచం పక్కన పెట్టేదాన్ని. టీ తాగితే అంత నీళ్లు సీసాలోంచి తీసేసేదాన్ని. పప్పు పలచగా ఉందంటే దానికీ కోతే. వార్డంతా నన్ను చాటుగా 'కంజూస్ సిస్టర్' అనేవాళ్లు. పిసినారి అని పేరొచ్చినందుకు నాకు లోలోపల గర్వంగానే ఉండేది. ఎందుకంటే నా వార్డులో ఊపిరాడక పోయినవాళ్లు తక్కువ.

మే నెలాఖరులో, వేడిగాలులు మొహం మీద కొడుతున్న రోజుల్లో, ఫిజీ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కిడ్నీ మార్పిడి కోసం. కిడ్నీ ఇవ్వడానికి కూతురు వెంట వచ్చింది. ఆయన తాత ఎప్పుడో చెరకు తోటల్లో కూలికి మన దేశం నుంచి ఓడెక్కి వెళ్లాడట. ఆయన తాతలు మాట్లాడిన హిందీ కూడా వాళ్లతో పాటు అక్కడే ఉండిపోయి, అదో రకంగా మారిపోయింది. మొదటి రోజే నన్ను పట్టుకుని, "తుమ్ కైసా హై, సిస్టర్?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా డాక్టర్లే నన్ను మర్యాదగా 'ఆప్' అంటారు, ఈయనెవరు నువ్వన్నట్టు 'తుమ్' అనడానికి?

కూతురు నవ్వింది. "మా దగ్గర 'ఆప్' అనే మాటే లేదు ఆంటీ. దేవుణ్ణి కూడా 'తుమ్' అనే అంటాం."

దేవుడితో సమానం చేసింది కాబట్టి ఊరుకున్నాను.

ఆయనకు రోజుకు ఏడు కప్పులు. ఆరో కప్పు అయ్యేసరికి మధ్యాహ్నం మూడు. ఇక అక్కణ్ణుంచి మాటలు మొదలు. ఆయన తన దీవిలో వ్యాను డ్రైవరు. ముప్పై ఏళ్లు టూరిస్టులను ఎక్కించుకుని సముద్రపు మడుగుకూ, జలపాతానికీ తిప్పాడు. "మా దీవి నిప్పులోంచి పుట్టింది సిస్టర్. అగ్నిపర్వతం. రాళ్లన్నీ నలుపు. ఆ నల్లరాళ్ల మీద నుంచి నీళ్లు పడతాయి. కింద గుండం నీలంగా ఉంటుంది. దిగినవాళ్ల చేతులు కూడా నీలంగా కనిపిస్తాయి" అనేవాడు. దాహంతో పెదాలు పగిలిన మనిషి అలా నీళ్ల కథలు చెబుతుంటే పక్క మంచాల వాళ్లు నోరు తెరుచుకుని వినేవాళ్లు. విన్నకొద్దీ వాళ్లకూ దాహం పెరిగేది. ఆ బాధ నాది.

"చాల్చాలు, కోతలు ఆపండి. నీళ్లకు రంగుండదని ఒకటో క్లాసులోనే చెప్పారు నాకు" అనేదాన్ని.

"హమ్ ఝూఠ్ నై బోల్తా. తుమ్ దేఖేగా తబ్ మానేగా" అనేవాడు. అబద్ధం చెప్పడట, చూస్తేగాని నేను నమ్మనట.

మా వార్డులో మునిర్కా పేటలో గది తీసుకుని ఉండే ఒక తెలంగాణ పిల్ల ఉండేది, కొత్తగా చేరింది. "అక్కా, గా తాత చెప్పేది నిజమేనంటవా? నాకైతే పోవాలనిపిస్తున్నది" అనేది. "పో, ముందు మూడో నంబరు బెడ్డు బీపీ చూడు" అని తరిమేదాన్ని.

జూన్‌లో ఒక రోజు తెల్లవారి డ్యూటీకి వచ్చేసరికి ఆయన మంచం ఖాళీ. బాత్రూంలో కుళాయి చప్పుడు. తలుపు తోసి చూస్తే, కుళాయి కింద దోసిలి పట్టి, కళ్లు మూసుకుని తాగుతున్నాడు. ఎంతసేపటి నుంచి తాగుతున్నాడో తెలియదు. కడుపు ముందుకు వచ్చేసింది. గంట తిరక్కుండా ఊపిరి అందలేదు, నోట నురగ. ఆక్సిజను పెట్టి, యంత్రం మీదికి ఎక్కించి, డాక్టర్లు పరుగులు పెట్టి, ఎలాగో బతికించారు.

మధ్యాహ్నానికి ఆయన కళ్లు తెరిచాడు. నేను అప్పటిదాకా బిగపట్టిన భయమంతా కోపమై పైకొచ్చింది. అందరి ముందూ, ఆయన కూతురి ముందూ అరిచాను. "మీకేం పోయే కాలం? నేను చుక్క చుక్క కొలిచి ఇస్తుంటే దొంగతనంగా తాగుతారా? చావాలని ఉంటే మీ ఊళ్లో చావండి. నా వార్డులో కాదు."

ఆయన కళ్లు దించుకున్నాడు. మునిర్కా పిల్ల నన్ను పక్కకు లాగి, "గట్లెట్ల అన్నవక్కా?" అంది. దాని కళ్లలో నీళ్లు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ అనేది. అప్పుడే వెళ్లి క్షమించమని అడగాల్సింది. నేను ఇన్‌ఛార్జిని కదా! చార్టులు రాసుకుంటూ కూర్చున్నాను.

వారం తిరక్కుండా డాక్టర్లు తేల్చి చెప్పారు: గుండె బలహీనంగా ఉంది, మార్పిడి ఆపరేషనుకు ఆగదు. కూతురు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఆయన మాత్రం నన్ను పిలిచి, తాపీగా, "సిస్టర్, హమ్ ఘర్ జాయెగా. తుమ్ లే చలో" అన్నాడు. ఇంటికి పోతాను, నువ్వు తీసుకెళ్లు.

అలాంటి రోగిని తోడు నర్సు లేకుండా విమానం ఎక్కనివ్వరు. ఆసుపత్రి నుంచి ఒకరిని పంపడం రివాజే. ఊరికే ఫారిన్ వెళ్లొచ్చని చిన్న సిస్టర్లంతా ముందుకొచ్చారు. మా సూపరింటెండెంట్ మేడమ్ నన్ను గదిలోకి పిలిచింది. "ఆయన కంజూస్ సిస్టరే రావాలంటున్నాడు. నువ్వేం మందు పెట్టావమ్మా? పాస్‌పోర్టు ఉందా?"

ఉంది. చర్చివాళ్లతో జెరూసలేం వెళ్దామని చేయించుకున్నాను, ఆ ప్రయాణం కాస్తా రద్దయింది. సూట్‌కేసు సర్దుతుంటే మా ఆయన గుమ్మంలో నిలబడి, "జెరూసలేం పాస్‌పోర్టు మీద నీళ్లు చూడ్డానికి పోతున్నావన్నమాట" అన్నాడు. నేను ఆ స్టీలు కప్పును బట్టల మధ్యలో పెట్టుకున్నాను.

ప్రయాణమంతా నా ప్రాణం గుప్పిట్లోనే ఉంది. విమానాల్లో నీళ్ల బండి తోసుకుంటూ వచ్చే ప్రతి అమ్మాయినీ చేయి అడ్డం పెట్టి ఆపాను. ఫిజీ పెద్ద దీవిలో దిగగానే ఆయన్ను అక్కడి డయాలిసిస్ సెంటరుకు చేర్చి, కాగితాలు అప్పగించి సంతకం తీసుకున్నాను. అక్కడితో నా డ్యూటీ అయిపోయింది. నా తిరుగు విమానం మూడు రోజుల తర్వాత. ఆయన సొంత దీవిలో డయాలిసిస్ లేదు. ఒకసారి యంత్రం ఎక్కాక మళ్లీ ఎక్కడానికి రెండు రోజుల గడువు. ఆ రెండు రోజుల్లో ఇంటికి వెళ్లి వచ్చేస్తానని ఆయన పట్టు. అక్కడి డాక్టరు, "ఎవరైనా నర్సు వెంట ఉంటే సరే" అని నా వైపు చూశాడు.

ఆయన మాత్రం నా వైపు చూడనైనా చూడలేదు. మా ఊళ్లో చావమన్నావుగా అని ఒక్క మాట అన్నా బాగుండేది. "ఠీక్ హై, పదండి" అన్నాను.

పదిమంది పట్టే చిన్న విమానం. కిందికి దిగుతుంటే నల్లని కొండ కొనలు మబ్బుల్లోంచి పైకొచ్చాయి, కింద మైళ్ల కొద్దీ కొబ్బరి చెట్లు. మాది గోదావరి లంకల ప్రాంతం. కొబ్బరి చెట్లు చూడగానే నాకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం రోడ్డు మలుపు తిరిగేదాకానే.

మలుపు తిరగ్గానే కుడిపక్క సముద్రపు మడుగు కనిపించింది. ఓరి దేవుడా! దూరంగా పగడపు దిబ్బల గోడ మీద అలలు తెల్లగా విరుగుతున్నాయి. గోడకు ఇవతల ఒక్క అల లేదు. ఆ నీళ్లను ఏ నీలం అనాలో నాకు ఇప్పటికీ తెలియదు. చదువుకునే రోజుల్లో తెల్ల యూనిఫాంలు నీలిమందు బకెట్లో ముంచేవాళ్లం. బకెట్టు నీళ్లలో మొదటి చుక్క పడి, ఇంకా కలవకుండా విచ్చుకునే క్షణం ఒకటి ఉంటుందే, అదీ ఆ రంగు. ఒడ్డున లేతగా, లోపలికి పోయేకొద్దీ చిక్కగా. అడుగున ఇసుక మీద చేపల నీడలు కూడా కనబడుతున్నాయి. వ్యాను ఆపమన్నాను. దిగి నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

కిటికీలోంచి ఆయన, "రంగు లేదన్నావ్?" అన్నాడు.

నేను ఆయనకు చేతులు జోడించి వ్యాను ఎక్కాను.

జలపాతం ఒక ఊరివాళ్ల సొంత భూమిలో ఉంది. ఎవరు వెళ్లినా ముందు ఊరి పెద్ద దగ్గర కూర్చుని అనుమతి తీసుకోవాలి. ఉత్తచేతులతో వెళ్లకూడదని నేను ఢిల్లీ నుంచి సోన్ పాపిడి డబ్బా మోసుకెళ్లాను. ఇవ్వాల్సింది అది కాదట, కావా అనే, కాస్త మత్తిచ్చే మొక్క వేర్ల కట్ట ఇవ్వాలట. అదృష్టం కొద్దీ కూతురు బజార్లో కొని తెచ్చింది. వేర్ల కట్ట ఊరి పెద్ద ముందు పెట్టారు, నా డబ్బా పిల్లల్లోకి వెళ్లి రెండు నిమిషాల్లో ఖాళీ అయింది.

చాప మీద అందరం గుండ్రంగా కూర్చున్నాం. వేరు దంచిన పొడిని పెద్ద కొయ్య గిన్నెలో నీళ్లతో పిసికి గుడ్డలో వడకట్టారు. చూడ్డానికి వరద గోదారి రంగు. కొబ్బరి చిప్పలో ముంచి, చాన్నాళ్ల తర్వాత తిరిగొచ్చిన మనిషి కాబట్టి, మొదటి చిప్ప మా పెద్దాయనకే చాచారు. ఊరంతా చూస్తోంది.

నా చేయి నేను చెప్పకుండానే లేచింది. "నో!" అని చిప్పను మధ్యలో ఆపేశాను.

అయ్య బాబోయ్! ఊరి పెద్ద నా చేతి వైపు చూశాడు. చిప్ప పట్టుకున్నవాడు అలాగే వంగి ఉండిపోయాడు. కూతురు నెత్తిన చేయి పెట్టుకుంది. మా పెద్దాయన నెమ్మదిగా అన్నాడు: "సిస్టర్, ఇవి నీళ్లు కావు. మర్యాద. నేను తాగకపోతే మళ్లీ ఈ ఊరికి రానన్నట్టు."

పొద్దుట్నుంచి ఆయన ఆరు కప్పులు తాగేశాడు. ప్రయాణం, ఎండ. మిగిలింది ఒక్క కప్పు, అది సాయంత్రం మాత్రలకు. చిప్పలో ఉన్నది కంటి కొలతతోనే చెప్పగలను, నూరు మిల్లీలీటర్లు. నాకు ఏం తోచిందో ఏమో, "ఆయన పెదాలు తడుపుకుంటాడు. మిగతాది ఆయన తరఫున నేను తాగుతాను, ఒప్పుకుంటారా?" అన్నాను. కూతురు వాళ్ల భాషలో చెప్పింది. ఊరి పెద్ద కాసేపు ఆలోచించి తలూపాడు.

కాఫీ తప్ప మరే మత్తూ ఎరగని క్రైస్తవ కుటుంబం మాది. గుక్క తిప్పుకోకుండా తాగాలట. తాగాను. మట్టి, మిరియం, చేదు అన్నీ ఒకేసారి. నాలుక మొద్దుబారిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. అంతలో రెండో చిప్ప వచ్చింది. అది నా వంతుదట! దేవుడు క్షమించుగాక, అదీ తాగాను. ఊరి పెద్ద మొదటిసారి నవ్వాడు.

ఆయన మెడ దగ్గర డయాలిసిస్ గొట్టం ఉంది. అది తడిస్తే ప్రాణం మీదికి వస్తుంది. ప్లాస్టిక్ చుట్టి, నాలుగు వైపులా టేపు వేసి, దాని మీద నా చున్నీ కట్టాను. నలుగురు మనుషులు ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి భుజాల మీదికి ఎత్తుకున్నారు. చెట్ల మధ్య కాలిబాట. మొదట చప్పుడు వినిపించింది. తర్వాత గాలి చల్లబడింది. తర్వాత చెట్లు అయిపోయాయి.

పైదాకా చూడాలంటే మెడ వెనక్కి వంచాల్సి వచ్చింది. కొండ నల్లగా, తడిగా, ఎప్పుడో కరిగి కారి గడ్డకట్టినట్టు మడతలు మడతలుగా ఉంది. దాని నెత్తి నుంచి నీళ్లు పడుతున్నాయి. ఒక పాయ కాదు, మూడు. తెల్లగా పడి, కింద గుండంలో నీలంగా మారుతున్నాయి. తుంపర వచ్చి మొహానికి కొట్టింది. నా జీవితంలో సగానికి పైగా నీళ్లను గీత దాకా పోసి ఆపినదాన్ని. అక్కడ ఎవరూ ఆపడం లేదు. నిప్పు కక్కిన కొండే ఇప్పుడు ఇన్ని నీళ్లు ఇస్తోంది, ఎవరికి కావాలో అడక్కుండా. ఆ రాళ్ల మీదే మోకరించాను. ప్రార్థన ఏదీ నోటికి రాలేదు. నాలుక మొద్దుబారి ఉండటం కూడా ఒక కారణం అనుకోండి.

ఆయన పాదాలు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నాడు. నిజమే, పాదాలు నీలంగా కనిపించాయి. పక్కన కూర్చుని చెప్పాను. "ఆ రోజు మిమ్మల్ని అనరాని మాట అన్నాను. నన్ను క్షమించండి."

"నేను ఆ రోజు దాహంతో తాగలేదు సిస్టర్" అన్నాడు. "మా ఇంట్లో కుళాయి తిప్పితే ఈ నీళ్లే వస్తాయి. ఇక్కణ్ణుంచి ఊరికి పైపు ఉంది. ఢిల్లీలో కళ్లు మూసుకుని కుళాయి తిప్పాను. చప్పుడు ఒకటే." పాదాలు నీళ్లలో కదిపాడు. "అక్కడ అందరూ నాకు ఏం కాదు, ఏం కాదు అన్నారు. నువ్వొక్కదానివే చావు పేరు, మా ఊరి పేరు ఒకేసారి ఎత్తావు. ఎక్కడికి పోవాలో నాకు అప్పుడే తెలిసింది."

నేను ఏడ్చాను. నీళ్ల చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

అప్పుడు ఆయన నా సంచీ వైపు చూపించాడు. "కప్పు తెచ్చావా? నా చిప్ప నువ్వు తాగావు. అది నా లెక్కలో రాయకూడదు. సాయంత్రం మాత్రలు ఉమ్మితో మింగుతాను. అంటే ఒక కప్పు మిగిలింది కదా?"

నా రూలు నాకే చదివి వినిపించాడు! మరిగించని నీళ్లు ఇవ్వకూడదని నాలుక చివరిదాకా వచ్చింది. ఊరంతా తాగే నీళ్లు. కప్పు తీసి, రాళ్ల మీద నుంచి జారే ధార కింద పట్టాను. అలవాటు చొప్పున గీత దగ్గర ఆపబోయాను. ఆపేలోపే నిండి పొంగిపోయింది. వంపి, గీత దాకా ఉంచి ఇచ్చాను. ఆయన సగం తాగి, కళ్లు మూసుకుని, మిగతా సగం తాగమని నాకిచ్చాడు. "తుమ్ పియో."

మర్నాడు గడువు లోపల పెద్ద దీవికి తిరిగొచ్చాం. డయాలిసిస్ సెంటర్లో చార్టు చూసిన సిస్టరు, "ఈ ఏభై ఏమిటి? టీనా, సూపా?" అని అడిగింది. ఏ ద్రవం అన్న గడిలో నేను 'జలపాతం' అని రాశాను. మొదట నూరు అని రాసి, ఒకే గీతతో కొట్టేసి, ఏభై వేసి సంతకం పెట్టాను. తప్పు దిద్దేటప్పుడు అలాగే దిద్దాలి, గుర్తుపెట్టుకోండి.

అయిదు నెలలు గడిచాయి. గుండె ఇంకా క్షీణించింది. యంత్రానికి తట్టుకోలేడని డాక్టర్లు మానేయమన్నారనీ, నాన్నను ఇంటికి తెచ్చేశామనీ కూతురు మెసేజ్ పెట్టింది. ఒక మధ్యాహ్నం మునిర్కా పిల్ల జీతం వచ్చిందని నన్ను అశోకా రోడ్‌లో తెలుగు భోజనానికి తీసుకెళ్లింది. సాంబారులో చేయి పెట్టానో లేదో ఫోను మోగింది. అక్కడ అప్పుడు సాయంత్రం.

"ఆంటీ, నాన్న నీళ్లు అడుగుతున్నాడు. ఏడు కప్పులూ ఇచ్చేశాను. ఇంకా అడుగుతున్నాడు. ఎంత ఇవ్వను?"

ముప్పై ఏళ్ల పైచిలుకు సర్వీసులో ఆ ప్రశ్నకు నేను తడుముకున్నది అదొక్కసారే. "ఏ నీళ్లమ్మా?" అన్నాను.

"కుళాయి నీళ్లే ఆంటీ. జలపాతంవి."

"అడిగినంత ఇవ్వు. కొలవకు."

ఫోను అటువైపు కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. అలా చాలాసేపు విన్నాను. తర్వాత లైను కట్ అయింది. మునిర్కా పిల్ల నా చేయి పట్టుకుంది. హోటల్ భయ్యా జగ్గుతో వచ్చి నా గ్లాసులో నీళ్లు పోసి వెళ్లాడు. ఎంత పోశాడో నేను చూడలేదు.